అద్దాలెత్తుకుని కూర్చునే మనిషి

పుంగనూరులో సైలెన్సర్లు అతికే ఆయన పోయాడన్న సంగతి నాకు మూడు వారాలు ఆలస్యంగా తెలిసింది. మదనపల్లెలో మా స్కూలు గేటు ముందు మెకానిక్ ఒకతను బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా చెప్పాడు.

"టీచరమ్మా, మన పుంగనూరాయన పాయె. ఊపిరితిత్తులంట. మీకు తెలుసనుకుంటి."

తెలియదన్నాను. అతను వెళ్ళిపోయాక కూడా గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బెల్లు కొట్టారు. తొమ్మిదో తరగతికి వెళ్ళి, ఆ రోజు చెప్పాల్సిన పాఠం చెప్పకుండా, మీరే చదువుకోండని పిల్లలకు చెప్పి కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆ పేరు తెలిసి బాధపడాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు.

నేను భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడే చదివి, అక్కడే పనిచేస్తున్నాను. మా నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన వాడిన తెల్లకారు ఆయన తర్వాత నా చేతికి వచ్చింది. పాత కార్బురేటర్ బండి. చలికాలం పొద్దున ఎంత తిప్పినా స్టార్టయ్యేది కాదు. ఘాటు రోడ్డులో సగంలో ఆగిపోయేది. పోనుపోనూ దాని సామాన్లు దొరకడమే మానేశాయి. అమ్మేయమని అందరూ చెప్పారు, నాకు మనసు రాలేదు. చివరికి ఆ మెకానిక్కే, గుద్దుకుని నుజ్జయిన ఓ కొత్త కారులోంచి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిను తెచ్చి దీంట్లో బిగించాడు. పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు, వాటికి ఎంత చిమ్మాలో చెప్పే చిన్న కంప్యూటరు పెట్టె, అన్నీ అమరాయి. కానీ ఇంజినుతో వచ్చిన మానిఫోల్డు, అంటే పొగను ఇంజినులోంచి పైపులోకి పంపే భాగం, మా కారు స్టీరింగు రాడ్డుకు తగిలింది.

"వైరింగు నేను చూసుకుంటా. పొగ లైను మాత్రం నావల్ల కాదు. పుంగనూరు పోండి, ఆడ ఒకాయన ఉండాడు," అన్నాడు మెకానిక్.

ఆ షెడ్డు ఊరి మొదట్లోనే, రోడ్డు పక్కన. పైన రేకులు, కింద మనిషి దిగి నిలబడేంత గుంత, గోడల నిండా వేలాడే పాత పైపులు. మొదటిరోజు ఆయన నా మొహం చూడలేదు. మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకు ఆనించి, కారు కిందికి చాలాసేపు చూశాడు. లేచి, చెంపకంటిన దుమ్ము తుడుచుకోకుండానే అడిగాడు.

"వెనక సీట్లో ఎవురు కూర్చుంటారమ్మా?"

"ఎవరూ కూర్చోరన్నా. నేనొక్కదాన్నే తిరుగుతాను."

"ఎప్పుడన్నా కూర్చుంటారు కదా?"

"ఆదివారం మా అమ్మ కూర్చుంటుంది, చర్చికి వెళ్ళేటప్పుడు."

"అట్ల చెప్పు," అని తల ఊపి సుద్దముక్క అందుకున్నాడు. నేల మీద కారు అడుగుభాగం గీసి, పైపు ఎటు నుంచి ఎటు పోవాలో గీతలు లాగసాగాడు. వెనకసీటు ఉండే చోట మాత్రం ఒక చదరం గీసి, దానిచుట్టూ రెండుసార్లు సుద్ద తిప్పాడు. సీటుతో ఈయనకేం పని అని మనసులో అనుకున్నాను.

నేను ఊరికే వెళ్ళలేదు. వీడియోలు చూసి, బెంగళూరు నుంచి తళతళలాడే స్టీలు పైపు ఒకటి, సన్నగొట్టాలను మెలికలు తిప్పి చేసిన మానిఫోల్డు ఒకటి తెప్పించుకుని డిక్కీలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన పైపు చుట్టూ దారం చుట్టి కొలిచి, ఆ దారాన్ని చూపుడువేలికి చుట్టుకున్నాడు.

"ఇంత లావుది యాల తెచ్చినావు?"

"లావు పైపైతే ఇంజినుకు ఊపిరి బాగా ఆడుతుందన్నారు."

"వాళ్ళ బండ్లు పందేలకు పోతాయి. నువ్వు యాడికి పోతావు?"

"స్కూలుకు. చర్చికి."

"అయితే వద్దు. ఇంజిను చిన్నది. ఇంత లావు పైపులో పొగ సోమరిగా నడుస్తాది. ఘాటు ఎక్కేటప్పుడు నీకు బండి లాగదు."

దారి వెడల్పయితే ప్రవాహవేగం తగ్గుతుందని నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు బోర్డు మీద బొమ్మలు వేసి చెబుతున్నాను. పైపును మళ్ళీ డిక్కీలో పెట్టాను. మెలికల మానిఫోల్డు కూడా ఆయనకు నచ్చలేదు. మన రోడ్లకు ఆ సన్నగొట్టాల అతుకులు చిట్లుతాయన్నాడు. పోత ఇనుముదే కావాలన్నాడు. అది దొరకడానికి పదిరోజులు పట్టింది. మొదట తెచ్చినదాన్ని తీగకు కట్టి వేలాడదీసి, పానాతో కొట్టాడు. 'టక్' అని ఆగిపోయింది. "చిట్లింది," అని పక్కన పెట్టాడు. నేనెంత వెతికినా చిట్లు కనిపించలేదు. రెండోదీ అంతే. మూడోదాన్ని కొడితే గంటలా మోగింది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా కళ్ళు మూసుకుని విని, "ఇది," అన్నాడు.

ఇలాంటి విషయాల్లో ఆయన్ను తొందరపెట్టడం ఎవరివల్లా కాదు. కాలేజీ కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి, సైలెన్సర్ చెక్కి సౌండు పెంచమని అడిగేవాళ్ళు. "సౌండు కావాలంటే బ్యాండుమేళం వాళ్ళను వెనకాల కూర్చోబెట్టుకోండి," అని వాళ్ళను పంపేసేవాడు. ఒక వ్యాను యజమాని నా కళ్ళముందే బతిమాలాడు. పైపు చిట్లింది, సాయంత్రం బాడుగ ఉంది, రేకు చుట్టి మట్టి పూస్తే చాలు, రేపొచ్చి మార్పించుకుంటానన్నాడు. అప్పటిదాకా గొంతెత్తని మనిషి ఒక్కసారిగా అరిచాడు.

"ఈడ రేకు సుట్టేది లేదు! పైపు మార్చుకుంటే మార్చుకో, లేకుంటే బండి ఈడనే పెట్టి బస్సులో పో!"

వ్యాను వెళ్ళిపోయాక ఆయన తుడిచిన పానానే మళ్ళీ మళ్ళీ తుడవడం చూశాను. అడగడానికి మొహమాటపడ్డాను.

పని మొదలయ్యాక నాలుగు శనివారాలు వెళ్ళాను. ఇంజెక్షన్ ఇంజినుకు పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కంప్యూటరుకు చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. దాన్ని పైపులో ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న అయింది. నాలుగు సిలిండర్ల పొగా కలిసిన తర్వాత, పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌కు ముందు, నీళ్ళు చేరకుండా పైపు పైభాగాన పెట్టాలని నేను పుస్తకం చూసి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అతుకుల్లో సందు ఉంటే బయటి గాలి లోపలికి పోయి సెన్సర్ పొరపడుతుందని, కంప్యూటరు పెట్రోలు ఎక్కువ చిమ్ముతుందని కూడా చెప్పాను.

"అయితే సందుంటే బండే చెప్తాదన్నమాట," అన్నాడు.

"ఒక్కోసారి."

"పాత బండ్లు చెప్పవు," అన్నాడు. మళ్ళీ వెల్డింగు అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంజిను ఊగినా పైపు చిట్లకుండా మధ్యలో వంగే ముక్క ఒకటి పెట్టాడు. అంతకుముందు బంపరు కిందే ఆగిపోయిన చివరిపైపును బంపరు దాటి బయటికి వచ్చేలా పొడిగించాడు. అన్నీ అయ్యాక సబ్బునీళ్ళు పూసి, చివర తడిగుడ్డ అడ్డుపెట్టి, ప్రతి అతుకు దగ్గరా బుడగ కోసం చూశాడు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుని, వెనకసీటు మీద దినపత్రిక పరిచి, దాని మీద కూర్చున్నాడు. నాలుగు అద్దాలూ ఎత్తించాడు. "ఇంజిను ఆడనీ. నువ్వు బయట ఉండు," అన్నాడు.

ముప్పావుగంట అలా కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. రోడ్డు అవతల టీకొట్టు ఆమె నవ్వింది.

"ఆయప్ప అంతేమ్మా. ప్రతి కారుకీ అట్లనే కూర్చుంటాడు. చెమట్లు కారినా దిగడు."

దిగాక చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. నేను నీళ్ళ సీసా ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఆ పొగకు వాసన ఉంటాదా?"

"పొగకు ఉంటుంది. కానీ మనిషిని చంపేది అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా ఉండవన్నా."

"నొప్పి తెలుస్తాదా?"

"తలనొప్పి వస్తుంది, వాంతి వచ్చినట్టుంటుంది. ముందే నీరసంగా ఉన్నవాళ్ళయితే నిద్రపోయినట్టే పోతారు."

"పోయినాక మొకం ఎట్లుంటాది?"

క్లాసులో పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే ఎంత ఉత్సాహంగా చెబుతానో అలాగే చెప్పాను. "అది రక్తాన్ని పట్టుకుని వదలదు. అందుకని మొహం ఎర్రగా, బతికున్నవాళ్ళకంటే కళగా ఉంటుందంటారు."

ఆయన సీసా మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ బిగించాడు.

"అయితే అదే," అన్నాడు.

ఏది అదే అని నేను అడగలేదు. పాఠం బాగా చెప్పానన్న తృప్తితో కారు నడుపుకుంటూ మదనపల్లె వచ్చేశాను.

ఆ వారంలోనే ఆయన ఫోన్ చేశాడు. కొత్త లైను వేసిన బండి ఒక్కసారి దూరం తోలి చూడాలన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరి పుంగనూరులో ఆయన్ను ఎక్కించుకున్నాను. తెల్లచొక్కా వేసుకున్నాడు. ముందుసీటు చూపిస్తే వద్దని వెనక కూర్చున్నాడు. ఎటు పోదామంటే కుప్పం దిక్కు అన్నాడు. కారు హాయిగా పోతోంది. నాన్న కాలంలో కూడా అంత మెత్తగా నడిచి ఉండదు. ఆ మాటే ఆయనతో అన్నాను. పలమనేరు దాటాక, అద్దంలో నాకు కనిపించకుండా కిటికీ వైపు తిరిగి, చెప్పడం మొదలుపెట్టాడు.

చాలా ఏళ్ళ కిందట. అప్పుడాయన షెడ్డు కొత్తగా పెట్టాడు. వానాకాలం. ఒక బాడుగ వ్యాను పైపు చిట్లి వచ్చింది. యజమాని తొందరపెట్టాడు. ఆయన నూనెడబ్బా రేకు కత్తిరించి, పైపు చుట్టూ చుట్టి, తీగతో బిగించి, మట్టి పూసి పంపాడు. మూడోరోజు అదే వ్యాను కుప్పం దగ్గరి పల్లె నుంచి ఒకామెను మదనపల్లె ఆసుపత్రికి తీసుకొచ్చింది. జ్వరం, ఆయాసం. వాన కొడుతోందని అద్దాలన్నీ ఎత్తి, వెనక పడుకోబెట్టారు. భర్త ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆమె లేదు.

"జబ్బుతోనే పాయె అనుకుండారు అందురూ. డ్రైవరు వచ్చి నాతో చెప్పినాడు, తనకూ దారంతా తలనొప్పి, రెండు తూర్లు కక్కుకున్నానని. పొద్దున తిన్నింది పడలేదు అన్నాడు. నేను కిందికి దూరి సూస్తి. రేకు ఊడి యాలాడతాండాది. పైన నేలరేకులో బొక్క. సీటు కింద అంతా మసి." కిటికీ అద్దం కొంచెం దించాడు. "ఆయమ్మ మొకం ఎర్రగా, నిద్రపోతాండేదాని మాదిరి ఉన్నిందని కూడా చెప్పినాడు. నాకు అనుమానమే గానీ, నిజంగా తెలీదు గదా అనుకుంటా వచ్చినా. ఇన్నేండ్లు. నువ్వు చెప్పినాక తెలిసిపాయె."

"అన్నా, అది ఖాయంగా చెప్పలేం. జ్వరానికి కూడా మొహం ఎర్రబడుతుంది. ఆమెకు ముందే ఆయాసం కదా," అన్నాను.

"నువ్వే చెప్తివి కదమ్మా," అన్నాడు. నిష్ఠూరంగా కాదు. టీచరు మాట మీద పిల్లలకుండే నమ్మకంతో అన్నాడు.

వెనక్కి తిప్పేద్దామన్నాను. ఒప్పుకోలేదు. వి.కోట దాటి, కుప్పం చేరకముందే ఓ మట్టిరోడ్డులోకి తిరగమన్నాడు. దారి ఆయనకు తెలుసు. ఎన్నిసార్లు ఆ మలుపు దాకా వచ్చి తిరిగిపోయాడో నేనడగలేదు.

చనిపోయినామె ఇల్లు మల్బరీ తోట పక్కన ఉంది. ఇంటిని ఆనుకుని పట్టుపురుగులు పెంచే పొడుగాటి షెడ్డు. నలభై ఏళ్ళ మనిషి ఆకుమోపుతో ఎదురొచ్చి, కారు దూరంగానే ఆపమని చెయ్యి ఊపాడు. పురుగులకు పొగ పడదన్నాడు. ఆమె కొడుకు అతనే. ఆయన దిగాడు. నన్నూ రమ్మన్నట్టు ఒకసారి వెనక్కి చూశాడు. నేను దిగలేదు. నాకు భయం వేసింది. ఆ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

అద్దం దించి ఉంది కాబట్టి మాటలు వినిపించాయి. ఆయన చేతులు కట్టుకుని, తల వంచి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, రేకు సంగతి చెప్పాడు. కొడుకు ఆకుమోపు దించలేదు. తల మీద అలాగే పెట్టుకుని విన్నాడు.

"మా నాయన పోయి మూడేండ్లాయ," అన్నాడు చివరికి. "సచ్చేదాకా ఒకటే మాట. తెల్లార్తోనే బయల్దేరుంటే నా పెండ్లాం బతికుండేది, నేనే ఆవును పిండి పోదామని ఆలీసం సేస్తినని. ఆ దినం నుంచి ఇంట్లో ఆవును పెట్టుకోలా. పాలు ముట్టలా. నేను పిల్లోణ్ణి, నేను కూడా ఆయప్పనే అంటి. నీవల్లనే మాయమ్మ పాయె అని మొకం మీదనే అంటి." అతని తల మీది మోపు ఒక పక్కకు ఒరిగింది. "ఆయప్ప బతికుండేటప్పుడు యాల రాలేదు నువ్వు?"

కొడుకు ఇంకోసారి అడిగాడు. తర్వాత మోపు సర్దుకుని, "పాండి. ఇంగ పాండి ఈడినించి," అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో పెద్దపంజాణి దాకా వచ్చాం. అక్కడ కారు ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్క కంకరకుప్ప మీద కూర్చున్నాడు. నేనూ దిగి పక్కన నిలబడ్డాను.

"నా బరువు దించుకునే దానికి పోతి," అన్నాడు. "దాన్ని ఆ పిల్లోడి నెత్తిన పెట్టి వస్తి. నాయన్ను తిట్టినానే అని వాడింగ ఏడుస్తాడు. నేను పోకుంటే ఆ బాధన్నా ఉండేది కాదు వానికి."

ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి. చర్చిలో చిన్నప్పటి నుంచి విన్న మాటలు చాలానే ఉన్నాయి నా దగ్గర. పాపం ఒప్పుకున్నవాడికి క్షమాపణ ఉందన్నాను. ఆయన నా వైపు చూసి, "ఎవురు ఇస్తారమ్మా? ఇచ్చేవాడు సచ్చిపాయె కదా," అన్నాడు.

ఆ తర్వాత నేను పుంగనూరు వెళ్ళడం తగ్గించాను. కారుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన వేసిన అతుకు ఒక్కటీ వదల్లేదు. వెళ్ళడానికి కారణం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకసారి రోడ్డు మీద పోతూ చూస్తే, షెడ్డులో ఎవరిదో కారు ఆగి ఉంది, అద్దాలెత్తి ఉన్నాయి, వెనకసీట్లో ఆయన ఉన్నాడు. హారన్ కొట్టబోయి మానేశాను. ఇంకోసారి మార్కెట్ దగ్గర దగ్గుతూ కనిపించాడు. ఆసుపత్రిలో చూపించుకోమని, నేను తీసుకెళతానని చెప్పాను. సరేనన్నాడు. నేను మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆ మనిషికి నేను చెప్పిన సంగతులన్నీ పాఠంలా చెప్పినవే. ఒక్కదానికీ పూచీ పడలేదు.

ఆయన పోయిన సంగతి తెలిశాక వచ్చిన ఆదివారం, ఎవరికీ చెప్పకుండా కుప్పం దిక్కు వెళ్ళాను. కారు దూరంగానే ఆపి, ఈసారి దిగి నడిచాను. కొడుకు షెడ్డు ముందు కూర్చుని పురుగుల తట్టలు కడుగుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు ఎవరితో వచ్చానో చెప్పాక తట్ట కింద పెట్టాడు.

"ఆయన పోయాడప్పా. మీకు చెప్పాలనిపించి వచ్చాను," అన్నాను.

అతను తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆయప్ప మళ్ళీ వచ్చినాడమ్మా ఈడికి. నీకు తెలీదా? బస్సులో వచ్చి, ఆ రోడ్డు నించి నడిచి వచ్చేది. మూడు తూర్లు వచ్చినాడు." గేటు పక్కనున్న బండరాయి చూపించాడు. "ఆడ కూర్చునేది. లోపలికి వచ్చేది లేదు, పిలిచేది లేదు. సాయంత్రం బస్సుకు లేచి పొయ్యేది. మొదటి తూరి తిట్టి పంపిస్తి. రెండో తూరి గమ్మునుంటి. కడాకు వచ్చినప్పుడు బాగా దగ్గుతా ఉండె. నా పెండ్లాం చెంబుతో నీళ్ళు పంపించె. తాగి, చెంబు కడిగి, ఆ రాయి మీద బోర్లించి పాయె."

అతను లేచి తట్టను ఎండలో నిలబెట్టాడు. నీళ్ళు కారడం ఆగేదాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

"ఇంగొక తూరి వస్తే మాట్లాడదామనుకుంటినమ్మా," అన్నాడు. "ఏం మాట్లాడల్లో కూడా అనుకోనుంటి."